బొగ్గా, సోలారా? బల్లార్షాలో ఉండి నేను వేసుకున్న లెక్క

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బొగ్గు గనుల ప్రాంతం. మా బావది రాజురా అవతల ఊరు. ఏడెకరాల్లో పత్తి, సోయాబీన్, రబీకి కొంచెం శనగ వేస్తాడు. ఒక బావి ఉంది, దాని మీద 5 హెచ్‌పీ మోటారు. పోయిన నెల ఫోన్ చేసి ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడిగాడు. "సోలార్ మోటారు పెట్టుకోమంటావా, ఉన్న కనెక్షనే ఉంచుకోమంటావా?" అనేది ఒకటి. "టీవీలో అంతా సోలార్, గాలిమరలు అంటున్నారు గదా, మరి మన బొగ్గు ఖదాన్లు (గనులు) మూసేస్తారా?" అనేది రెండోది. వాళ్ళ కొడుకు ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు, అందుకే ఆ రెండో ప్రశ్న ఆయనకు ఇంటి ప్రశ్న.

ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు. చంద్రపూర్, రాజురా, గడ్‌చాందూర్ వైపు ఉన్న మనవాళ్ళు ఇంకా చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మా నాన్న కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడి భూగర్భ గనిలో 31 ఏళ్ళు పని చేశాడు, ఆ జీతంతోనే మేం ముగ్గురం చదువుకున్నాం. 2024 చివర్లో అదే ఇంటి మీద నేను 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. అందుకని బొగ్గును ఊరికే తిట్టేవాళ్ళ మాట నాకు ఎక్కదు, సోలార్‌ను ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్ళ మాటా ఎక్కదు.

ఏ కరెంటు గురించి మాట్లాడినా నేను ముందు అడిగేది ఒక్కటే: అది ఏ గంటకు వస్తుంది, మనకు ఏ గంటకు కావాలి? ధర, పొగ, సబ్సిడీ, దేశభక్తి అన్నీ దాని తర్వాతే.

దేశం సంగతి ముందు

2025 జూన్‌లో మన దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో (కట్టిన ప్లాంట్లన్నీ కలిపి ఇవ్వగలిగినదాంట్లో) సగం సోలార్, గాలి, జలవిద్యుత్, అణువిద్యుత్ లాంటివాటిదే అయింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్ళ ముందే అందింది, నిజంగా గర్వపడాల్సిన పని. అయితే మనం వాడుకునే యూనిట్లు లెక్క వేస్తే నూటికి 70 దాకా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. ఈ రెండు మాటల్లో ఒకటి అబద్ధమని వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు, రెండూ నిజమే. ఒక కిలోవాట్ సోలార్ ప్యానెల్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అదే ఒక కిలోవాట్ బొగ్గు ప్లాంటు ఆగకుండా నడిస్తే 24 యూనిట్లు, మరమ్మతులూ తగ్గింపులూ పోను 16 దాకా ఇస్తుంది. కాబట్టి మెగావాట్లు సమానమైనంత మాత్రాన యూనిట్లు సమానం కావు. పేపర్లో ఎక్కడైనా ఇన్ని మెగావాట్లు అని కనిపిస్తే, రోజుకు ఎన్ని యూనిట్లు, ఏ టైంలో అని మనసులో అడిగి చూడండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

బొగ్గు గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చంద్రపూర్ థర్మల్ స్టేషన్ సామర్థ్యం 2,920 మెగావాట్లు, చిమ్నీలు ఊళ్ళోంచే కనిపిస్తాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఒక యూనిట్ కరెంటు తియ్యాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. నేను ఒకసారి మా ఇంటి బిల్లు పక్కన పెట్టుకుని లెక్క వేశాను. నెలకు 300 యూనిట్లంటే రెండు క్వింటాళ్ళ పైన బొగ్గు, అందులోంచి 70 కిలోల బూడిద. మా ఒక్క ఇంటి కోసం, ఒక్క నెలకు. ఆ బూడిద కొంత సిమెంటు ఫ్యాక్టరీలకూ ఇటుకలకూ పోతుంది, మిగతాది చెరువుల్లా కట్టిన బూడిద గుంటల్లో పడుతుంది. చంద్రపూర్‌ను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టి పదిహేనేళ్ళు దాటింది. దగ్గు మా దగ్గర చలికాలం జబ్బు కాదు, ఏడాదంతా ఉంటుంది. పైగా థర్మల్‌కు బొగ్గు ఒక్కటే చాలదు, నీళ్ళు కూడా కావాలి. 2010 వేసవిలో ఎరాయి డ్యాంలో నీళ్ళు అడుగంటి చంద్రపూర్ యూనిట్లు ఆపాల్సి వచ్చింది, ఇక్కడ పుట్టిన ఎవరికైనా ఆ ఎండాకాలం గుర్తుంటుంది.

మరి ఇంత నష్టం ఉన్నదాన్ని ఎందుకు నడుపుతున్నారు? మేలో సాయంత్రం ఏడు గంటలకు మా గల్లీకి రండి, తెలుస్తుంది. బయట ఇంకా 40 డిగ్రీలుంటుంది, గోడలు పొయ్యి మీద పెనంలా కాలుతుంటాయి, ప్రతి కిటికీకీ ఒక కూలర్ ఘుర్రుమంటూ ఉంటుంది, కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లో ఏసీ, మోటార్లు, మిక్సీలు, టీవీలు అన్నీ ఒకేసారి. సూర్యుడు అప్పటికే దిగిపోయి ఉంటాడు. ఆ గంటకు దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇవ్వగలిగింది ఇప్పటికి బొగ్గే. 2024 మే 30న దేశం డిమాండ్ 2,50,000 మెగావాట్లు తాకింది. 2021 అక్టోబరులో, 2022 ఏప్రిల్‌లో ప్లాంట్ల దగ్గర బొగ్గు నిల్వలు పడిపోతే ఏమైందో చూశాం, మరాఠీవాళ్ళు కరెంటు కోతను భారనియమన్ అంటారు, ఆ మాట మళ్ళీ పేపర్ల మొదటి పేజీకి వచ్చింది. 2024-25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది, అయినా 20 కోట్ల టన్నుల పైన బయటి నుంచి తెచ్చుకున్నాం. కాబట్టి బావా, నీ కొడుకు ఖదాన్ రేపో ఎల్లుండో సోలార్ వల్ల మూతపడదు. ఒక గనిలో బొగ్గు అయిపోయి మూతపడటం వేరే సంగతి, అది మా నాన్న కాలం నుంచీ జరుగుతూనే ఉంది.

సోలార్ బలం ధర. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో యూనిట్ 1 రూపాయి 99 పైసల దాకా దిగింది. ఆ తర్వాత కొంచెం పెరిగి రెండున్నర చుట్టూ తిరుగుతోంది. కొత్తగా బొగ్గు ప్లాంటు కట్టి కరెంటు ఇమ్మంటే ఐదు రూపాయల పైమాటే. కట్టడానికి పట్టే టైం కూడా చూడండి, సోలార్ పార్కు ఏడాదిన్నర రెండేళ్ళలో లేస్తుంది, బొగ్గు ప్లాంటుకు ఐదారేళ్ళు. లోపం కూడా అంతే స్పష్టం: పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పండగ, తర్వాత ఏమీ లేదు. పగలు ఎక్కువై సాయంత్రం చాలకపోవడం అనే కొత్త సమస్య వచ్చింది. 2025లో రాజస్థాన్‌లో లైన్లు చాలక పగటి సోలార్ కరెంటు కొంత తీసుకోకుండా వదిలేయాల్సి వచ్చింది. పండిన పంట మార్కెట్‌కు చేరక చేనులోనే ఎండిపోయినట్టు. ఇంకొకటి, ప్యానెళ్ళు ఇక్కడ తయారవుతున్నా లోపలి సరుకు చాలావరకు చైనాదే, ఆ టెన్షన్ ఇంకా తీరలేదు.

మధ్యాహ్నం సోలార్ పొంగినప్పుడు బొగ్గు ప్లాంట్లను తగ్గించి, సాయంత్రం మళ్ళీ పెంచితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. చేస్తున్నారు కూడా. కానీ బాయిలర్ అనేది స్విచ్ కాదు. సామర్థ్యంలో 55 శాతం దాకా దించవచ్చని ఇప్పుడు నియమం ఉంది, 40కి దించాలని ప్రయత్నం. రోజూ అలా దించి ఎక్కిస్తుంటే గొట్టాలు వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి పగుళ్ళు వస్తాయి, మరమ్మతులు పెరుగుతాయి, తక్కువ లోడ్ మీద యూనిట్‌కు కాలే బొగ్గు కూడా ఎక్కువ. థర్మల్‌లో పని చేసే మా పక్కింటి కాక ఈ మాట చెప్తే మొదట నేను నమ్మలేదు, తర్వాత అర్థమైంది: గేర్లు మారుస్తూ ట్రాఫిక్‌లో నడిచే లారీకీ, హైవే మీద ఒకే స్పీడులో పోయే లారీకీ డీజిల్ లెక్కలో ఉన్న తేడానే ఇది.

మిగతావి గబగబా చూద్దాం. గాలిమరలు సాయంత్రం, వానాకాలం బాగా తిరుగుతాయి, అంటే సోలార్ పడుకున్నప్పుడు ఇవి లేస్తాయి, జోడీ మంచిది. కానీ మన విదర్భలో అంత గాలి లేదు, గుజరాత్, తమిళనాడు, పశ్చిమ మహారాష్ట్ర కొండలు కావాలి. గ్యాస్ ప్లాంట్లు నిమిషాల్లో లేస్తాయి, గ్యాసే లేదు. గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రలో కట్టినవి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. అణువిద్యుత్ రాత్రింబవళ్ళు వస్తుంది, పొగ లేదు, కర్ణాటక కైగాలో ఒక యూనిట్ 962 రోజులు ఆగకుండా నడిచింది. కానీ గుజరాత్ కాక్రాపార్‌లో మూడో యూనిట్ పని 2010లో మొదలైతే వాణిజ్యపరంగా నడిచింది 2023లో. మన రాష్ట్రంలోనే రత్నగిరి జిల్లా జైతాపూర్ అణు కేంద్రం గురించి ఎప్పటి నుంచి వింటున్నామో లెక్కే లేదు. దేశం మొత్తం అణు సామర్థ్యం తొమ్మిది వేల మెగావాట్ల లోపే, 2047కి లక్ష అంటున్నారు. మన మనవళ్ళ కోసం అది చెయ్యాల్సిందే, మొన్నటి మే నెల కోసం అయితే పనికిరాదు.

అందరూ తక్కువ మాట్లాడేది, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపించేది నిల్వ. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం చూసినవాళ్ళకు తెలుసు, 900 మెగావాట్లు, అక్కడి యంత్రాలు రెండు వైపులా తిరుగుతాయి. కరెంటు ఎక్కువున్నప్పుడు కింది నీళ్ళను పైకి తోడతాయి, కావలసినప్పుడు అవే నీళ్ళను దింపి కరెంటు తీస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివే ఉన్నాయి, మహారాష్ట్రలో ఘాట్‌ఘర్ 250 మెగావాట్లు, కర్నూలు వైపు పిన్నాపురంలో పెద్దది కట్టారు. 100 యూనిట్లు పెడితే 75-80 తిరిగొస్తాయి. పోయిన 20-25 యూనిట్లు దండగ అనేవాళ్ళు, ఎండలో వదిలేసిన 100 యూనిట్ల సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. బ్యాటరీల ధర కూడా ఏటేటా దిగుతోంది, సోలార్‌కు బ్యాటరీ జోడించి సాయంత్రం కూడా ఇస్తామనే టెండర్లు ఇప్పుడు మామూలయ్యాయి.

దేశానికి ఏది ఎంచుకోవాలంటే నా మాట ఇది. నడుస్తున్న బొగ్గు ప్లాంట్లను ఇప్పుడు ఆపకూడదు, ఆపితే మొదట చీకట్లో కూర్చునేది బల్లార్షా గల్లీలే తప్ప ముంబయి కాదు. కానీ కొత్త డబ్బు పెట్టేటప్పుడు వరస మారాలి: ముందు నిల్వ, తర్వాత లైన్లు, తర్వాత సోలార్-గాలి, బొగ్గు ఆఖరున. పాత యూనిట్లను వయసు చూసి దించాలి. చంద్రపూర్‌లో 1980ల నాటి మొదటి రెండు 210 మెగావాట్ల యూనిట్లు అలాగే మూసేశారు, తర్వాతి వంతు ఆ కాలానివే అయిన మూడు, నాలుగు యూనిట్లది కావాలని నేను గట్టిగా అనుకుంటాను. ఇంకో మాట, ఇది నాకు చాలా దగ్గరి విషయం: బొగ్గు తీసేశాక మిగిలే గుంటలు, మట్టిగుట్టలు, గని కాలనీలు మా జిల్లావే. ప్యానెళ్ళన్నీ రాజస్థాన్‌లో పెట్టి, బూడిద మాత్రం మాకు వదిలేస్తే అది న్యాయం కాదు. బొగ్గు తవ్వేసిన నేల మీదే సోలార్ పెట్టి, ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివిన గని కార్మికుల పిల్లలకు ఆ పనులు ఇవ్వమని అడగాలి. ఇప్పుడే, గనులు నడుస్తుండగానే అడగాలి.

ఇంటి మీద: ఎవరు పెట్టించుకోవాలి, ఎవరు వద్దు

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. 1 కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ. మహారాష్ట్రలో ఇంటి కరెంటు ధర దేశంలోనే ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, అదీ 100 యూనిట్లు దాటగానే ఒక్కసారి ఎగురుతుంది. సరిహద్దు అవతల తెలంగాణలో, ఆసిఫాబాద్‌లో ఉన్న మా పిన్ని ఇంటికొచ్చే తక్కువ బిల్లు చూస్తే నాకు కడుపు మండుతుంది. కాబట్టి అక్కడివాళ్ళకు లాభం కానిది కూడా ఇక్కడ లాభం కావచ్చు, అక్కడి చుట్టాల మాట విని నిర్ణయం తీసుకోకండి.

మీ బిల్లు ఏడాది పొడుగునా 100 యూనిట్ల లోపే ఉంటే సోలార్ తొందర వద్దు. ఆ డబ్బులో పదో వంతుతో పాత ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాన్ 70-75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30-35తో అదే గాలి ఇస్తుంది. మా దగ్గర ఏడాదిలో తొమ్మిది నెలలు ఫ్యాన్ ఆగదు కాబట్టి ఈ తేడా చాలా పెద్దది. 150 నుంచి 350 యూనిట్ల మధ్య వాడే సొంతిల్లు, దక్షిణం వైపు నీడ పడని డాబా ఉంటే 2 లేదా 3 కిలోవాట్లు కళ్ళు మూసుకుని పెట్టించుకోవచ్చు. ఒక కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల జాగా చూసుకోండి. నాకు సబ్సిడీ పోను లక్ష దాకా పడింది, బిల్లులో మిగులుతున్నది చూస్తే నాలుగైదేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. స్థిర చార్జీలు మాత్రం కట్టాల్సిందే, బిల్లు సున్నా అనే మాట ప్రకటనల్లోదే.

ఇక్కడ నేను దెబ్బ తిన్న విషయం చెప్పాలి. పెట్టిన ఏజెన్సీవాడు "ఇక కరెంటు పోయినా మీకు బెంగ లేదు సార్" అన్నాడు. మేలో ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు లైన్ పోయింది. బయట 46 డిగ్రీలు, డాబా మీద పది అడుగుల పొడవున ప్యానెళ్ళు ఎండలో మెరుస్తున్నాయి, ఇంట్లో కూలర్ ఆగిపోయింది. అమ్మ చీరకొంగుతో విసురుకుంటూ "ఇంత ఎండ నెత్తిన పెట్టుకుని ఫ్యాన్ తిరగదేందిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుసుకున్నాను: మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే కరెంటు లైన్‌కు కలిపి పెట్టేది, ఆ లైన్‌లో కరెంటు ఉంటేనే పని చేస్తుంది. లైన్ పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, లేకపోతే మన ప్యానెళ్ళ కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు తగిలి ప్రాణం పోతుంది. నియమం న్యాయమైనదే, అమ్మినవాడు చెప్పకపోవడమే తప్పు. లైన్ పోయినా కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టాలి, దానికి ఖర్చు బాగా పెరుగుతుంది. నా సలహా, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దవాళ్ళో, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్ళో ఉంటే తప్ప హైబ్రిడ్ జోలికి పోవద్దు. రోజుకు గంటో రెండు గంటలో పోయే కరెంటుకు మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ చాలు, దాన్ని సోలార్‌తో కలపకుండా వేరుగా ఉంచుకోండి.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనేది కూడా పూర్తి నిజం కాదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి దానికి శత్రువు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది, మే మధ్యాహ్నం మా డాబా మీద ప్యానెల్ 65 దాటుతుంది, మీరే లెక్క వేసుకోండి. నాకు మంచి రోజులు ఫిబ్రవరి, మార్చిలోవే. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తుగా వేయించుకోండి. రేకు మీద అంటించినట్టు పెట్టే చవక పని వద్దు.

ఇక దుమ్ము. ఇది వేరే ఊళ్ళవాళ్ళ యూట్యూబ్ వీడియోల్లో ఉండదు, మన గని ప్రాంతం వాళ్ళకు మాత్రం తప్పదు. మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే, ప్యానెళ్ళు కాలకముందే, బకెట్, పొడుగు కర్రకు చుట్టిన మెత్తటి గుడ్డ పట్టుకుని ఎక్కాను. మొదటి చెంబు నీళ్ళు పోయగానే పలక కడిగినట్టు నల్లటి ధార దిగి, పిట్టగోడ మీద చారలు కట్టింది. వేలితో రాస్తే వేలి గీతల్లో మసి ఇరుక్కుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోలేదు. అంతకుముందు వారం యాప్‌లో రోజుకు 10-11 యూనిట్లు కనిపించాయి, మర్నాడు 13 వచ్చాయి. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి కడుగుతున్నాను. డాబా మీదికి ఒక నీళ్ళ కుళాయి ముందే వేయించుకోండి, మెట్లెక్కి బకెట్లు మోస్తే మూడో నెలకు మానేస్తారు. ఎండలో కాలుతున్న ప్యానెల్ మీద మాత్రం నీళ్ళు పోయొద్దు, అద్దం పగలొచ్చు.

సబ్సిడీ రావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళే పెట్టాలి, బిల్లు మీద అది రాయించుకోండి. వంట సంగతి ఒక్క మాట: మనం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే. సోలార్ ఉన్నవాళ్ళు మధ్యాహ్నం అన్నం, పప్పు ఇండక్షన్ మీద వండుకుంటే సిలిండర్ ఇంకో పది రోజులు లాగుతుంది. రొట్టెలకు మాత్రం గ్యాస్ ఉంచుకోండి, జొన్నరొట్టె ఇండక్షన్ మీద పొంగదు, మా ఇంట్లో చేసి చూశాం.

పొలం: బావకు నేను చెప్పింది

పొలం దగ్గర ఎంపిక మూడు రకాలుగా ఉంది. ఒకటి మామూలు లైన్ కనెక్షన్. మహారాష్ట్రలో 2024 ఏప్రిల్ నుంచి 7.5 హెచ్‌పీ దాకా మోటార్లకు బిల్లు లేదు. రెండోది "మాగేల్ త్యాలా" (అడిగినవాళ్ళకు) పథకం కింద పొలంలోనే ప్యానెళ్ళతో నడిచే సోలార్ పంపు. రైతు పది శాతం, ఎస్సీ ఎస్టీ రైతులైతే ఐదు శాతం కడితే చాలు. రెండున్నర ఎకరాల దాకా 3 హెచ్‌పీ, ఐదెకరాల దాకా 5, ఆపైన 7.5. మూడోది మన రైతుల్లో చాలామందికి తెలియనిది, సౌర కృషి వాహిని. ఊరి సబ్‌స్టేషన్ దగ్గర ప్రభుత్వ భూమిలోనో గ్రామ పంచాయతీ భూమిలోనో ఒక సోలార్ ప్లాంటు పెట్టి, వ్యవసాయ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు పోయే లైన్) మొత్తానికి పగలే కరెంటు ఇస్తారు. నీ పొలంలో ఒక్క ప్యానెల్ ఉండదు, నీ మోటారు, నీ వైరు అవే.

ఏది మేలు? బావకు బిల్లు ఎలాగూ లేదు, కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టి గంటల లెక్క చూడాలి. త్రీఫేజ్ కరెంటు ఎనిమిది గంటలు, అదీ కొన్ని రోజులు పగలు, కొన్ని రోజులు రాత్రి. రాత్రి వంతు వస్తే పదింటికి పోయి తెల్లవారుజామున రావాలి. టార్చి, కర్ర, కాళ్ళకు గంబూట్లు. పాముల భయం ఎక్కడైనా ఉంటుంది, మా జిల్లాలో దానికి తోడు పులి. తాడోబా పులుల అభయారణ్యం చుట్టుపక్కలే కాదు, రాజురా అడవుల అంచున కూడా రైతులు పులి బారిన పడ్డారు. ఒక పత్తి మడికి నీళ్ళు పెట్టడానికి మనిషి ప్రాణం పణంగా పెట్టాల్సిన పని లేదు. సూర్యుడు ఉన్నప్పుడే నీళ్ళు పారితే చాలు, వ్యవసాయానికి సాయంత్రం ఏడు గంటల కరెంటు అక్కర్లేదు. దేశమంతట్లో సోలార్‌కు ఇంతకంటే సరిగ్గా అతికే పని నాకు ఇంకొకటి కనిపించదు, ఇంట్లో కూడా కాదు, ఇక్కడే.

అయితే పొలంలో సొంత సోలార్ పంపుకు రెండు చిక్కులున్నాయి. వానాకాలం నాలుగు నెలలు ప్యానెళ్ళు ఊరికే ఉంటాయి, ఆ కరెంటు ఎవరికీ అమ్ముకోలేవు. మబ్బు పట్టినా, పొద్దు వాలినా ధార సన్నబడుతుంది, అందుకని లోతు ఎక్కువున్న బోర్లకు పంపు ఎంపికలో తేడా వస్తే ఏడుపే. నీళ్ళ లోతు కొలిపించకుండా ఫారం నింపొద్దు. పైగా లైన్ కనెక్షన్ లేని రైతులకే ఆ పథకం. అందుకే బావకు అది కుదరదని చెప్పాను, ఉన్న కనెక్షన్ ఉంచుకుని ఫీడర్ సోలార్ కోసం అడగమన్నాను. అదే ఫీడర్ మీద ఉన్న రైతులు ఓ ముప్పై మంది సంతకాలు పెట్టి మహావితరణ (కరెంటు కంపెనీ) సబ్‌డివిజన్‌కు పోయి, మా ఫీడర్ జాబితాలో ఉందా, లేకపోతే సబ్‌స్టేషన్ పక్కన ఫలానా పంచాయతీ భూమి ఉంది చూడండి అని సర్వే నంబరుతో సహా ఇస్తే ఎవరైనా వింటారు. బావ వాళ్ళ తమ్ముడిది నాలుగెకరాలు, బావి ఉంది, కనెక్షన్ లేదు, ఇన్నాళ్ళూ డీజిల్ ఇంజనే. ఆయన మాత్రం ఇవాళే 5 హెచ్‌పీ సోలార్ పంపుకు పెట్టుకోవాలి, అందులో రెండో ఆలోచనే వద్దు.

నిన్న బావ మళ్ళీ ఫోన్ చేశాడు. తమ్ముడి దరఖాస్తు వేశారట, సంతకాలు పదిహేడు అయ్యాయట. ఫీడర్‌కు సోలార్ వచ్చేదాకా మాత్రం బొగ్గు కరెంటే, రాత్రి వంతే. ఈ వారం బుధవారం, గురువారం రాత్రి పది నుంచి అని లైన్‌మన్ చెప్పాడట. ఒక్కడివే పోవద్దు, తమ్ముణ్ణి తోడు తీసుకో, బావి దగ్గరి గుడ్డి లైటు తీసేసి పెద్ద బల్బు పెట్టించుకో అని చెప్పాను.